ఒంటికాలి పులి

కూర్చోండి, కూర్చోండి. ఆ కుర్చీ మాత్రం వద్దు, దాని వీపు జడ్జిగారు కొరికేశారు. ఇలా వరండాలోకి రండి, ఇక్కడ గాలి బాగా వస్తుంది.

వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, అందరూ అదే అడుగుతున్నారు. ఇంత చోటు, సొంత బావి, చుట్టూ చెట్లు, జూ గేటుకి నడిచి వెళ్ళేంత దూరం, ఇదంతా నీలాంటివాడికి ఎలా దొరికిందోయ్ అని. ఆ "నీలాంటివాడికి" అన్న ముక్క నాకు వినపడనట్టే ఉన్నాను. బేరమంటే ఏమిటో ఇవాళ మీకు చెప్తాను. మా ఆవిడ డ్యూటీలో ఉంది కాబట్టి కాస్త ధైర్యంగానే చెప్తాను.

నేను సోఫాలు అమ్ముతానని మీకు తెలుసు. మా షాపులో బీరువా మీద చిన్న గీత పడిందనుకోండి, మర్నాటినుంచి దాని ధర సగం. కొన్నవాడు ఇంటికి పట్టుకెళ్ళి భూతద్దం పెట్టి వెతికినా ఆ గీత మళ్ళీ కనపడదు. అయినా తగ్గిన ధర తగ్గినట్టే. ఇన్నేళ్ళ సర్వీసులో నేను నేర్చుకున్న విద్య అదొక్కటే. దాన్ని తీసుకెళ్ళి భూమి మీద ప్రయోగించాను.

మొదటినుంచీ చెప్తేగాని మీకు అర్థం కాదు. మా ఆవిడ పశువుల ఆసుపత్రిలో పనిచేసేది. ఆవుకి ఇంజక్షన్ ఇచ్చేటప్పుడు కదలకుండా తల పట్టుకునే పని. ఆ అలవాటు చొప్పున నాకు జ్వరమొచ్చినా చెవి పట్టుకునే మాత్ర వేస్తుంది. అయితే ఆవిడ మనసంతా జూ మీదే. కీపరు ఉద్యోగానికి ఏళ్ళ తరబడి దరఖాస్తులు పెట్టింది. చివరికి ఒకరోజు రమ్మని పిలుపొచ్చింది. ఆ సాయంత్రం వంటింట్లో గోడవైపు తిరిగి నిలబడి ఏడ్చింది. నేను ఉల్లిపాయల ఘాటనుకుని కిటికీ తెరిచాను.

అలా మా సంసారం సామానుతో సహా ఈ ఊరు చేరింది. నన్ను మా కంపెనీ ఇక్కడి బ్రాంచికి మార్చింది. పాత బ్రాంచివాళ్ళు అంత సంతోషంగా సాగనంపుతారని మాత్రం నేననుకోలేదు.

ఉద్యోగమైతే వచ్చింది గానీ అందులో ఒక మెలిక ఉంది. పులుల దగ్గర పనిచేసే కీపరు, ఏ వేళ సైరన్ మోగినా పావుగంటలో జూ గేటు దగ్గరుండాలి. ప్రొబేషను ముగిసేలోపు అంత దగ్గర్లో కాపురం పెట్టకపోతే ఉద్యోగం పర్మనెంటు కాదు. ఈ సంగతి జూలో పెద్ద అధికారి, క్యూరేటరు గారు చాలా మర్యాదగా చెప్పారట. కోపంగా చెప్పుంటే బతిమాలుకోవచ్చు, మర్యాదగా చెప్పినదాన్ని ఏం చేస్తాం.

మేమేమో పట్టణం నడిబొడ్డున ఒక బట్టల షాపు పైన రెండు గదుల్లో ఉన్నాం. జూ ఊరి బయట. మధ్యలో బస్సు మారాలి. జూ చుట్టుపక్కల అద్దె ఇళ్ళన్నవే లేవు, అన్నీ పొలాలు. అమ్మకానికి ఉన్న స్థలాలకేమో ఏనుగు కనిపించే వైపు ఒక రేటు, కనిపించని వైపు ఒక రేటు. కనిపించని వైపు రేటు విన్నా నాకు కళ్ళు తిరిగాయి.

మా ఆవిడ పైకి ఏమీ అనేది కాదు. పొద్దున్నే యూనిఫాం ఇస్త్రీ చేసుకునేటప్పుడు మాత్రం, జేబు మీద పేరు కుట్టిన చోట వేలితో ఓసారి తడిమేది. అది చూసినప్పుడల్లా నాకు గుండెలో కలుక్కుమనేది. ఈ ఉద్యోగం పోతే ఈవిడ మళ్ళీ ఆవు తల పట్టుకోవడానికి వెళ్తుంది గానీ, మనిషి మునుపటిలా ఉండదని నాకు తెలుసు.

ఈ స్థలం కనిపెట్టింది నేనే. ఆ మాట ఎవరైనా కాదంటే నేనొప్పుకోను. వారాంతపు సెలవు రోజు కూరగాయల సంచితో తిరుగుతూ ఈ గేటు తీశాను. తీయగానే ఎదురుగా ఒక గాడిద. ముసలిది, ఒక చెవి చిరిగింది. అది మెల్లగా నడిచొచ్చి నన్ను తలనుంచి కాళ్ళదాకా, కాళ్ళనుంచి తలదాకా చూసింది. వెనకాలే చేతికర్ర ఊతంతో ఇంటి పెద్దాయన వచ్చాడు.

"జడ్జిగారు చూస్తున్నారు. కాస్త కదలకుండా ఉండు బాబూ" అన్నాడు.

నాకు జంతువులతో మసలడం తెలియదా ఏమిటి, జూ కీపరు మొగుణ్ణి. సంచిలోంచి క్యారెట్ తీసి, నేరుగా ఎదురెళ్ళి, కళ్ళలోకి ప్రేమగా చూస్తూ మూతి దగ్గర పెట్టాను. జడ్జిగారు క్యారెట్ సాంతం తిన్నారు. తర్వాత నింపాదిగా వెనక్కి తిరిగి, రెండు కాళ్ళతో తీర్పు చెప్పారు. నేను గేటు బయట కూర్చుని ఉండగా పెద్దాయన ధర చెప్పాడు. ఆ తన్ను కన్నా ఈ ధరే గట్టిగా తగిలింది.

ఇంటికొచ్చి మా ఆవిడకి జరిగింది చెప్పాను. నడుముకి మందు రాస్తూ విచారణ మొదలుపెట్టింది.

"ఎదురుగా వెళ్ళారా?"

"ఎదురుగా కాక?"

"కళ్ళలోకి చూశారా?"

"ప్రేమగానే చూశాను."

"మొదటిసారి నన్నూ అలాగే చూశారు. పక్కన మా నాన్న ఉన్నాడు కాబట్టి బతికిపోయారు."

తర్వాత కీపర్ల పద్ధతి చెప్పుకొచ్చింది. కొత్త జంతువు దగ్గరికి మనం వెళ్ళకూడదట. దానికి వీపు చూపించి, తిండి ఆశ పెట్టకుండా, మన మానాన మనం నిలబడాలట. ఎన్ని రోజులైనా సరే, అదే వచ్చేదాకా. నాకు ఒళ్ళు మండింది. ధర చెప్పింది గాడిద కాదు, దాని యజమాని అన్నాను. ఆవిడ మందు సీసా మూత బిగించి ఏదో ఆలోచనలో పడింది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

నాకు అనుమానం రాలేదు, ఐడియా వచ్చింది. మా ఇంట్లో బల్ల మీద ఒక పులి పాదం ఉంటుంది. కంగారు పడకండి, ప్లాస్టర్‌తో తీసిన అచ్చు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, జూలోని ముసలి ఆడపులి తడి మట్టిలో వేసిన అడుగులోకి ప్లాస్టర్ పోసి మా ఆవిడ తీసిందది. ఆ పులిని కీపర్లంతా అత్తగారు అంటారు. ఏది పెట్టినా ముందు మొహం తిప్పుకుంటుంది, తర్వాత మొత్తం తింటుంది. ఆ అచ్చు మా కరెంటు బిల్లుల మీద బరువుగా ఉండేది. చూస్తూ చూస్తూ ఉండగా నాకు తట్టింది. ఆ పెద్దాయన భూమికి ఒక గీత పడాలి, అంతే.

తర్వాతి సెలవు రోజు మధ్యాహ్నం, పెద్దాయన కునుకు తీసే వేళకి, అచ్చుని సంచిలో పెట్టుకుని కంచె దాటాను. బావి నీళ్ళు పారే చోట మట్టి మెత్తగా ఉంది. కంచె నుంచి బావి దాకా, బావి నుంచి గాడిద కొట్టం దాకా అడుగులు అద్దుకుంటూ వెళ్ళాను. ఎంత చక్కగా పడ్డాయంటే, నాకే కాస్త భయం వేసింది. వెనక్కొచ్చేటప్పుడు బావి దగ్గర జారి కూలబడ్డాను గానీ, చూసినవాళ్ళు ఎవరూ లేరు. జడ్జిగారు చూశారు. ఆయన నోరు విప్పరులే అనుకుని లెక్కచేయలేదు.

ఇక నా పథకమంతా మాటల్లోనే. సాయంత్రం మామూలుగా వస్తాను. పెద్దాయన వణుకుతూ పులి సంగతి చెప్తాడు. నేను బోలెడు జాలిపడతాను. మా ఆవిడకి పులులు అలవాటే కాబట్టి, ఏదో మీ కష్టం చూడలేక సగం ధరకి తీసుకుంటానంటాను. ఆ డైలాగు దారి పొడుగునా మననం చేసుకుంటూ, రోడ్డు మలుపులో ఉన్న టీ కొట్టుకి వెళ్ళి చేతులూ కాళ్ళూ కడుక్కుని కూర్చున్నాను.

టీ సగం తాగానో లేదో, పాలాయన సైకిల్ మీద ఊడిపడ్డాడు. పెద్దాయన స్థలంలో పులి తిరిగిందన్నాడు. ఎంత పులి అని నేనే అమాయకంగా అడిగాను. రెండు చేతులూ చాపి చూపించాడు. తర్వాత వచ్చినవాడికి చెప్పేటప్పుడు ఆ చేతులు ఇంకాస్త దూరం జరిగాయి. మూడోవాడు అడిగేసరికి ఏకంగా తోక కూడా కళ్ళారా చూశానన్నాడు. టీ కొట్టతను నా చేతిలో గ్లాసు లాక్కుని షట్టరు దించేశాడు.

ఇంతలో జూ వైపు నుంచి సైరన్ మోగింది. ఇది మాత్రం నా పథకంలో లేదు. పెద్దాయన జూకి ఫోన్ చేస్తాడన్న సంగతి, ఫోన్ చేస్తే వాళ్ళు జనాన్నంతా బయటికి పంపి గేట్లు వేసి, జంతువుల్ని లెక్కపెట్టుకుంటారన్న సంగతి నా బుర్రకి తట్టనే లేదు. సోఫాలకి సైరన్లుండవు కదా.

అయినా మొదలుపెట్టాక ఆగడమెందుకని పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన కొట్టంలో చిన్న స్టూలు వేసుకుని, గాడిద మెడ చుట్టూ చేతులు వేసి కూర్చున్నాడు. కర్ర కింద పడి ఉంది. నేను గొంతు సవరించుకుని నా డైలాగు మొదలుపెట్టాను.

"ఇక అమ్మను బాబూ" అన్నాడు, తల ఎత్తకుండానే.

ఆ తర్వాత అసలు సంగతి చెప్పుకొచ్చాడు. ఆయనకి మోకాళ్ళు పనిచేయడం లేదు. చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోదామని ఎప్పటినుంచో అనుకుంటున్నాడు. జడ్జిగారిని ఎవరికి అప్పజెప్పాలో తెలియక, వచ్చినవాళ్ళందరికీ కొండంత ధర చెప్పి తరిమేస్తున్నాడు. ఈమధ్య ఒకావిడ రోజూ పొద్దున్నే డ్యూటీకి వెళ్తూ ఇక్కడ బస్సు దిగేదట. ఒక్క మాటా అడిగేది కాదట. గాడిదకి వీపు పెట్టి కాసేపు నిలబడి వెళ్ళిపోయేదట. నిన్న పొద్దున జడ్జిగారు తనంత తానే వెళ్ళి ఆవిడ భుజం మీద గడ్డం ఆనించారు.

"అంతే, నువ్వు ఇవ్వగలిగినంత ఇవ్వు తల్లీ, స్థలం నీదేనన్నాను. ఈయన్ని ఇక్కడే ఉంచి చూసుకోమన్నాను. ఆ పిల్ల ఎంత సంతోషపడిందనుకున్నావు. ఇవాళ సాయంత్రం వాళ్ళాయనకి చెప్తానంది. ఇప్పుడు పులి తిరిగే చోట ఈయన్ని వదిలి నేనెక్కడికి పోను? అమ్మకమూ వద్దు, ఏమీ వద్దు."

ఆ వాళ్ళాయన్ని నేనేనని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచి, చేతిలోని సంచిని వీపు వెనక్కి దాచాను. భూమికి గీత పెట్టి ధర తగ్గిద్దామని వెళ్ళి, అప్పటికే మాది కాబోతున్న భూమిని నా చేత్తో నేనే ఊడగొట్టాను. ఆ జేబు మీద కుట్టిన పేరు కళ్ళముందు కదిలింది. అక్కడే చతికిలబడేవాణ్ణి గానీ, అప్పటికే ఓసారి పడి ఉన్నాను.

జీపు వచ్చింది. క్యూరేటరు గారు, వలలు పట్టుకున్న ఇద్దరు మనుషులు, అందరికంటే ముందు మా ఆవిడ. వెనకాల పాలాయన, ఆయన వెనకాల ఊళ్ళో జనం. మా ఆవిడ నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత బావి దగ్గర వంగి అడుగు చూసింది. మళ్ళీ నన్ను చూసింది. ఈసారి నా మొహం కాదు, ప్యాంటు. నేను చేతులూ కాళ్ళూ కడుక్కున్నాను గానీ, కూలబడ్డ చోటు సంగతే మర్చిపోయాను.

క్యూరేటరు గారు అది మన పులేనా అని అడిగారు.

"మన అత్తగారి అడుగే సార్. ముందు కుడికాలు. చిటికెన వేలు లేదు చూడండి" అంది.

జనం ఒక్క దూకులో వెనక్కి జరిగారు. వలల మనుషులు వల వెనక్కే దాక్కున్నారు. అయితే తప్పించుకుందన్నమాట అన్నారు క్యూరేటరు గారు, నుదురు తుడుచుకుంటూ.

"ఈ ఒక్క పాదమే తప్పించుకుంది సార్. మిగతా పులి బోనులోనే ఉంటుంది."

ఆవిడ అడుగుల వెంబడి నడుస్తూ చెప్పడం మొదలుపెట్టింది. ఇది కుడి ముందుకాలు, దాని తర్వాతది కుడి ముందుకాలు, ఆ తర్వాతదీ అదే. ఈ పులి కంచె నుంచి కొట్టం దాకా ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చిందన్నమాట. బావి దగ్గర జారి కూర్చుంది, కూర్చున్న గుర్తు వెడల్పుగా ఉంది, తోక గుర్తు మాత్రం లేదు. నా అచ్చుకి చిటికెన వేలు లేదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. రోజూ దాన్ని ఎత్తి కరెంటు బిల్లు తీస్తాను, ఒక్కనాడైనా వేళ్ళు చూసిన పాపాన పోలేదు.

"ఇదిగో, పక్కనే చెప్పు గుర్తు. మడమ ఒక పక్కకి అరిగింది. కొత్తవి కొనుక్కోమంటే వినిపించుకోరు" అని మెల్లగా అంది. అని, ఆగిపోయింది.

అక్కడ ఆవిడ ఎందుకు ఆగిందో నాకొక్కడికే తెలుసు. చెప్పు ఎవరిదో చెప్తే, ఆ అచ్చు ఆవిడ ఇంట్లోదని తేలుతుంది. ఉద్యోగానికే ఎసరు రావచ్చు. చెప్పకపోతే పులి భయం పోదు, పెద్దాయన స్థలం ఇవ్వడు. ఎటు చూసినా పోయేది ఆవిడదే. తెచ్చిపెట్టింది మాత్రం నేను. జీవితంలో మొదటిసారి, బేరమాడకుండా ఒక మాట అన్నాను.

"ఆ పులిని నేనే సార్."

"మరి నేను తోక చూశానే" అన్నాడు పాలాయన, నీరసంగా.

అంతా చెప్పేశాను. సోఫాలు, గీత, సగం ధర, అన్నీ. ఆవిడకి ఇందులో ఏమీ తెలియదనీ, ఆ ఉద్యోగం పోతుందన్న భయంతోనే ఈ తెలివితక్కువ పని చేశాననీ చెప్పాను. మా ఆవిడ నా వంక చూడకుండా మట్టివైపే చూస్తూ నిలబడింది.

క్యూరేటరు గారు నన్ను వదిలేశారు. అది మొగుడి చెప్పు గుర్తని తెలిసి కూడా చెప్పబోయావా అని ఆవిడనే అడిగారు.

"చెప్పేదాన్నే సార్. ఆయనే తొందరపడ్డారు. పులి లేనిచోట లేదని చెప్పడం కూడా నా పనే కదా" అంది.

అప్పుడే జూ నుంచి ఫోన్ వచ్చింది. అన్ని పులులూ ఉన్నాయట. అత్తగారు సైరన్‌కి కూడా నిద్ర లేవలేదట. క్యూరేటరు గారు ఫోన్ జేబులో పెట్టుకుని, లెక్క తేలకముందే అడుగు చూసి చెప్పే కీపరు దొరకడం కష్టమన్నారు. ఇక్కడినుంచి మన గేటుకి ఎంత సేపు పడుతుందని ఆవిడని అడిగారు. సైరన్ కూత ఆగేలోపు చేరతానంది. అయితే పర్మనెంటుకి అడ్డేమీ లేదు, ఈ పెద్దాయన మనసు మార్చుకుంటే అన్నారు. నాతో మాత్రం, పులి అవసరమైతే కబురు చేస్తాలెండి అన్నారు. మర్యాదగానే అన్నారు.

అందరం పెద్దాయన వైపు తిరిగాం. ఆయన లేచి, కర్ర అందుకుని, నాదేముంది, జడ్జిగారు చెప్పాలి అన్నాడు. కొట్టం తలుపు బార్లా తెరిచాడు.

మా ఆవిడ కొట్టం వైపు వీపు తిప్పి నిలబడింది. జడ్జిగారు బయటికొచ్చారు. క్యూరేటరు గారిని చూశారు, వలల్ని చూశారు. నా దగ్గర ఆగి, క్యారెట్ ఉందేమోనని సంచిలో మూతి పెట్టి, ప్లాస్టర్ పాదాన్ని వాసన చూసి ఒక్కసారి గట్టిగా తుమ్మారు. తర్వాత అంతమంది మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళి మా ఆవిడ భుజం మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకున్నారు. ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది పాలాయన. నేను కూడా కొడదామనుకున్నాను గానీ, కళ్ళు తుడుచుకోవడంతోనే సరిపోయింది.

"స్థలం నీదే అమ్మాయ్. ఒక్క షరతు కొత్తగా పెడుతున్నాను. ఈయన కొట్టం రోజూ ఆ పులే ఊడ్వాలి" అన్నాడు పెద్దాయన. నావైపు తిరిగి, "చీపురు ఆ మూల ఉంది అల్లుడుగారూ" అన్నాడు.

బస్సులో ఇంటికి వస్తూ, ఆ శుభవార్త నిన్ననే చెప్పి ఉండొచ్చు కదా అని గొణిగాను. ఇవాళ తీరిగ్గా చెప్పి మీ మొహం చూద్దామనుకున్నానంది. చూశావుగా అన్నాను. చూశాను, బాగానే ఉంది అంది. తర్వాత బస్సు దిగేదాకా నా చెయ్యి వదల్లేదు.

మొన్న నిజంగానే సైరన్ మోగితే, మా ఆవిడ అందరికంటే ముందు గేటు దగ్గరుంది. పెద్దాయన వారం వారం వచ్చి జడ్జిగారితో కబుర్లు చెప్పి వెళ్తాడు. పోతూ పోతూ కొట్టం మూలమూలలూ చూసి నాకు మార్కులు వేస్తాడు. గేటు స్తంభం మీద ఆ ప్లాస్టర్ పాదం ఉంది చూశారా, అది మా ఆవిడే అతికించింది. మా ఇల్లెక్కడని అడిగితే ఒంటికాలి పులి ఇల్లని ఊళ్ళో ఎవరైనా చెప్తారు.

అసలు మిమ్మల్ని ఇవాళ పిలిచింది ఇంకో సంగతి చెప్దామని. కొట్టం ఊడ్చాక రోజూ నేను కూడా వీపు తిప్పి నిలబడుతున్నాను. ఎన్నాళ్ళనుంచో నిలబడుతున్నాను, జడ్జిగారు అటువైపే చూడలేదు. ఇవాళ పొద్దున చలిగా ఉంటే కొక్కేనికున్న కోటు తగిలించుకుని నిలబడ్డాను. మెత్తగా, బరువుగా, భుజం మీద ఏదో ఆనింది. కదల్లేదు, ఊపిరి కూడా పీల్చలేదు. మెల్లగా మా ఆవిడని పిలిచాను.

ఆవిడ కిటికీలోంచి చూసింది. "డ్యూటీకి టైమవుతోంది. నా కోటు ఇటివ్వండి" అంది.

చూసుకుంటే జేబు మీద ఆవిడ పేరు. విప్పి ఇచ్చేశాను. జడ్జిగారు నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసి, అటు తిరిగారు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఎంతసేపటికీ తన్ను పడలేదు.

కేసు వాయిదా వేశారు. కొట్టేయలేదు కదా, అది చాలు నాకు.